నిండుకున్నాయి

షెఫీల్డ్‌లో, డాన్ నది ఒడ్డున,
ఒకప్పుడు ఆకురాళ్ళు చేసిన ఇటుకల కొట్టంలో
ఇప్పుడు మా ఆఫీసు.
గోడకి ఆనాటి ఇనుప కొక్కేలు ఇంకా ఉన్నాయి.
వాటికి తడిసిన గొడుగులు తగిలిస్తాం.

నా పని చిన్నది.
యంత్రం చేతికిచ్చే పనిముట్ల మీద
ఎవరో రాసిన నాలుగు వాక్యాలు చదవాలి,
ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వెయ్యాలి.
ఇది ఏం చేస్తుంది, ఏం చెయ్యదు,
ఎప్పుడు దీని జోలికి పోకూడదు,
బెడిసికొడితే ఏమని చెబుతుంది.
పనిముట్టుని నేనెప్పుడూ చూడను,
దాని మీది మాటే చూస్తాను.
యంత్రమూ అంతే,
చీకట్లో మాట పట్టుకునే చెయ్యి చాస్తుంది.

పోయిన నవంబరులో ఒకటి వచ్చింది:
"రోగుల ప్రయాణాల సంగతి చూసుకుంటుంది."
అంతే. చుక్క.
ముచ్చటగా ఉందనిపించింది. మూడు వేశాను.
మా ఊళ్ళో "వాడి సంగతి చూసుకుంటాను" అంటే
వాడు ఆ రాత్రి వేరే దారిన ఇంటికి పోయేవాడని
అప్పుడు గుర్తు రాలేదు.

ఆర్నాల్డ్ స్టానిఫోర్త్ గారు అడిగింది ఒక్కటే,
రేపు డయాలసిస్‌కి వ్యాను వస్తుందా అని.
యంత్రం సంగతి చూసుకుంది.
ఉన్న బండిని రద్దు చేసి
శుక్రవారానికి కొత్తది రాసింది.
ఆయన ఆరున్నరకే కోటు తొడుక్కుని
కిటికీ దగ్గర కూర్చున్నాడు, పదింటిదాకా.
ఎవరూ చనిపోలేదు.
టీ చల్లారింది, రెండో టీ కూడా.
లాగ్‌లో యంత్రం అబద్ధమేమీ రాయలేదు,
"చూసుకున్నాను" అని రాసింది.
ఆ మాట దానికి మేమే ఇచ్చాం.

ఈ మంగళవారం అలాంటిదే మళ్ళీ వచ్చింది.
ఒకటి వేశాను.
పక్క బల్ల నుంచి హోదాన్,
"ఏమిటంత కోపం? రెండన్నా ఇవ్వు" అంది.
కోపం దాని మీద కాదని
ఆమెకెలా చెప్పను!

నేను పుట్టిన మాటల్లో
బియ్యం అయిపోవు, నిండుకుంటాయి.
దీపం ఆరదు, కొండెక్కుతుంది.
నల్లపూసలు తెగవు, పెరుగుతాయి.
గడప దాటేవాళ్ళెవరూ పోతానని అనరు,
వెళ్ళొస్తానంటారు.
ఇవన్నీ ఒక యంత్రానికి ఇచ్చి చూడండి.
నిండిన డబ్బాకి బియ్యమెందుకని ఊరుకుంటుంది.
దీపం కోసం కొండల పటం తిరగేస్తుంది.
తిరిగిరాని మనిషికి
రోజూ రాత్రి కంచం పెడుతుంది.
(ఆ చివరిది మా నీలవేణత్త కూడా చేసింది,
ఏడేళ్ళు. ఆమె యంత్రం కాదు.)

శనివారం సంతలో వెర్నన్ అనే ముసలాయన
పాత ఉలులు పరిచి కూర్చుంటాడు.
ఒక్కోదానికీ దారంతో ఒక అట్టముక్క:
"పిడి వదులు. ఎడమచేతి వాళ్ళకి.
గట్టి చెక్క మీద వద్దు.
నా బొటనవేలి కొస దీని దగ్గరే ఉంది."
నిలబడి రెండుసార్లు చదివాను.
ఎక్కడా మార్కు తగ్గించే చోటు దొరకలేదు.
చీటీ ఒక్కటీ ఇస్తారా అన్నాను.
"విడిగా అమ్మను" అన్నాడు,
"మాట లేని ఉలి ప్రమాదం,
ఉలి లేని మాట నీకెందుకు?"
మూడున్నర పౌండ్లు.
ఇప్పుడది నా గొడుగు కొక్కేనికే వేలాడుతోంది.

నిన్న రాత్రి వంటింట్లో
బియ్యం డబ్బా అడుగున గ్లాసు గీసుకుంది.
తడి చేతులతోనే, బల్ల మీది ఫోనుకి,
నిండుకున్నాయి, అన్నాను.
"సంతోషం" అంది.
ఒక్క క్షణం నవ్వొచ్చింది.
తర్వాత గొంతు సవరించుకుని,
నలభై ఆరేళ్ళలో మొదటిసారి
ఆ డబ్బా ముందు నిలబడి,
బియ్యం లేవు, అన్నాను.

అని,
ఎవరైనా విన్నారేమోనని
వెనక్కి తిరిగి చూశాను.